పాకరచన – పాఠకలోకము

వంటను గూర్చిన రచనను తెలుగు విమర్శ చాలకాలము గడప వెలుపలనే నిలిపినది. కావ్యములో భోజనవర్ణన వచ్చినప్పుడు రసికులు తల యూపినారు. ఆ భోజనమునే వండు విధము వచనములో వచ్చినప్పుడు దానిని గృహవిజ్ఞానపు బీరువాలో పెట్టి తాళము వేసినారు. ఆ ఉపేక్షకు ఇప్పుడు కాలము చెల్లినది. అంతర్జాలము వచ్చిన తరువాత తెలుగువారిలో మిక్కిలి విరివిగా సాగుచున్న రచనలలో పాకరచన ఒకటి. దాని చుట్టు చేరు జనమును లక్షలలో లెక్కించుచున్నారు. ఆ జనమును ఎట్లు సంపాదింపవలెను అన్న ప్రశ్న ఈనాటి పాకరచయితలను, వారిలోను క్రొత్తగా కలము పట్టినవారిని, విడువక వెంటాడుచున్నది.

సలహాలకు కొరత లేదు. ప్రతిదినము ఏదో ఒకటి ప్రకటింపుమనువారు కొందరు; ఛాయాచిత్రము ఆకలి పుట్టించునట్లు ఉండవలెననువారు కొందరు; శీర్షికలోనే ఆశ్చర్యము గొలుపవలెననువారు మరికొందరు. ఈ సలహాలు జనమును పోగుచేయు ఉపాయములు చెప్పును. ఆ జనము ఎవరో, వారికి ఈ రచనతో పని ఎందుకు కలిగినదో చెప్పవు. పాఠకుని అవసరమును తెలిసికొనకుండ పాఠకలోకమును నిర్మింపబూనుట పునాది త్రవ్వకుండ గోడ కట్టుట వంటిది. ఆ అవసరము హైదరాబాదు, విజయవాడలలో కన్న ఛత్తీస్‌గఢ్‌లోని ఒక రైల్వే పేటలో తేటగా కనిపించును. ఆ పేట బిలాస్‌పూరు నగరములోని తోర్వా.

తోర్వా అర్పా నది చెంత, రైల్వే కాలనీలకు సమీపమున ఉన్నది. అచ్చటికి తెలుగు ఎట్లు చేరినదో రైలుమార్గముల చరిత్రయే చెప్పును. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడినది. నాగపూరు నుండి బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోల్‌కు పోవు ప్రధానమార్గము 1891లో తెరువబడినది. వాల్తేరు, కటకముల నడిమి తూర్పుతీరపు మార్గము 1902లో అదే కంపెనీ చేతికి వచ్చినది. దానితో విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములకును ఖరగ్‌పూరు, బిలాస్‌పూరులకును ఒకే కొలువు ఏర్పడినది. 1931లో విజయనగరము–రాయపూరు మార్గము పూర్తికాగా దారి మరింత దగ్గరయినది. ఆ పట్టాల వెంబడి ఉత్తరాంధ్ర కుటుంబములు కొలువులకు వచ్చి, కొలువులు ముగిసిన తరువాతను నిలిచిపోయినవి. బిలాస్‌పూరు 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానకేంద్రమయినది. అప్పటికి ఆ కుటుంబములలో మూడవ తరము, నాలుగవ తరము పెరుగుచున్నవి.

ఆ తరమువారి స్థితి ప్రవాసాంధ్రులలో తరచు కనిపించునదే. ఇంటిలో తెలుగు విందురు. బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు మాట వచ్చును, తెలుగు అక్షరము రాదు. నాయనమ్మ గోంగూర అన్నదానిని బజారులో అమారీ భాజీ అని అడిగి తెత్తురు. సంక్రాంతికి ఇంటిలో అరిసెలు వండుదురు. ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ కుటుంబములు అదే బియ్యపుపిండి, బెల్లములతో అర్సా వండును. చద్దన్నము, తరవాణి అని పెద్దలు చెప్పు పదార్థమునకు దగ్గరి చుట్టము అచ్చటి బోరే బాసీ. వంట నిలిచియే యున్నది. దానికి గల తెలుగు పేరు మాత్రము ఒక్కొక్క పెద్దతలతో పాటు వెడలిపోవుచున్నది. ఇట్టి ఇంటిలోని పడుచు అరిసెల పాకము కొరకు ఫోనులో వెదకునప్పుడు ఆమెకు కావలసినది వంటకము మాత్రమే కాదు; నాయనమ్మ లేని లోటు తీర్చు ఒక కంఠము.

ఈ ఒక్క దృష్టాంతము నుండి పాకరచనకు మూలసూత్రము తీయవచ్చును. అత్తగారు పొయ్యి ప్రక్కన నిలిచియున్న ఇంటిలో వంటల పుస్తకమునకు పని లేదు. వండువారికిని నేర్పువారికిని నడుమ దూరము పడినప్పుడే పాకరచనకు పాఠకుడు పుట్టును. ఆ దూరము ఊరిది కావచ్చును, కాలముది కావచ్చును, భాషది కావచ్చును. ఏ రచయిత ఆ దూరమును సరిగా కొలిచెనో ఆ రచయితకే పాఠకులు నిలిచినారు.

తెలుగు సాహిత్యచరిత్ర ఈ సూత్రమును బలపరచును. భోజనమును గూర్చి ఆత్మీయముగ పలికిన పూర్వకవులు తరచు ప్రయాణపు దృష్టితో పలికినవారే. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువులలో పలనాటి జొన్నకూటిపై వినవచ్చు విసుగు, సన్నన్నమునకు అలవాటుపడిన బాటసారి విసుగు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ‘క్రీడాభిరామము’లో ఓరుగంటి పూటకూళ్ళ ఇల్లు వచ్చును. ఆ పద్యము వడ్డించు పదార్థములను వరుసగా చెప్పి, ఇంటి యజమాని పేరు చెప్పి, భోజనము వెల ఒక రూక యనియు చెప్పును. పరదేశికి తెలియవలసినవి ఆ మూడే గదా! నేటి భోజనశాలా సమీక్షకుడు పుటలకొలది వ్రాసియు చెప్పలేనిదానిని ఆ కవి ఒక్క పద్యములో ముగించినాడు. కారణము, తన వినువాడు ఆ నగరమునకు క్రొత్తవాడని ఆయనకు తెలియును.

‘ఆముక్తమాల్యద’లో ఇంకొక మెట్టు కనిపించును. శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుని ఆతిథ్యమును వర్ణించుచు వానకాలమున ఒక భోజనమును, చలికాలమున ఒక భోజనమును, వేసవిలో వేరొక భోజనమును వడ్డింపజేసినాడు. వానకాలమున వరుగులు, వడియములు. చలికాలమున మిరియపు ఘాటు, ఆవపచ్చళ్ళు. వేసవిలో పలుచని అంబలి, నీరుచల్ల, పండ్లు. దూరము నుండి వచ్చిన భక్తుడు ఏ ఋతువులో, ఏ అలసటతో ఆ గడప త్రొక్కినాడో ఎరిగి వడ్డించుట విష్ణుచిత్తుని గుణము. పాకరచయితకు ఇంతకన్న మంచి ఆదర్శము దొరకదు. తన వద్దనున్నది చూపుట వేరు. వచ్చినవానికి కావలసినది పెట్టుట వేరు.

ఆధునిక కాలమున ఈ గుణమును వచనములోనికి తెచ్చి, పాకరచనకు విపులమైన పాఠకలోకమును నిర్మించినవారు మాలతీ చందూరు. వారు మదరాసులో నివసించి వ్రాసినారు. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో 1952లో ఆరంభమైన ‘ప్రమదావనం’ శీర్షిక 47 ఏండ్లు సాగినది. వారి ‘వంటలు–పిండివంటలు’ 30కి పైగా ముద్రణలు పొందినది. శీర్షికలోనే గ్రంథకర్త్రి దృష్టి కనిపించును: ఒకటి నిత్యము, రెండవది నైమిత్తికము, ఒకటి ఆకలికి, రెండవది పండుగకు. ఇంటి ఇల్లాలి సంవత్సరమంతయు ఆ రెండు మాటలలో ఇమిడినది. ఉమ్మడి కుటుంబము వదలి ఉద్యోగపుటూరిలో క్రొత్త కాపురము పెట్టిన దంపతుల కాలమది. పొయ్యి ప్రక్కన అత్తగారు లేని ఇండ్లు ఏటేట పెరిగినవి. ఆ ఇండ్లకు ఈ పుస్తకము పెద్దదిక్కయినది.

అయితే ఆ పాఠకలోకమును పుస్తకము ఒక్కటే నిర్మింపలేదు. ‘ప్రమదావనం’ పాఠకుల ఉత్తరములకు జవాబులిచ్చు శీర్షిక. వంట మొదలు సంసారపు చిక్కుల వరకు అడుగువారు అడిగినారు. వారమువారము సమాధానము వచ్చినది. దాదాపు అర్ధశతాబ్దము ఉత్తరములు చదివిన చేతికి ఏ ఇంటిలో ఏమి తెలియదో బాగుగా తెలిసియుండును. ఆ చేయియే నవలలు వ్రాసినది. ‘పాత కెరటాలు’ శీర్షికతో ఇంగ్లీషు నవలలను తెలుగు పాఠకులకు పరిచయము చేసినది. పరభాషా నవలను తెలియనివారికి తెలియజెప్పుటయు, పులిహోరను తెలియనివారికి తెలియజెప్పుటయు ఒకే విద్య. 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ‘హృదయనేత్రి’ నవలకు లభించినది. నవలలు చదువని ఇండ్లలోనికిని వారి వంటల పుస్తకము వెళ్ళినది. 2013లో వారు మరణించునాటికి ఆ రెండు కీర్తులు ఒకే మనిషివి అన్న సంగతిని విమర్శ ఇంకను సరిగా గమనింపలేదు.

ఉత్తరమునకును వంటకును గల ఈ చుట్టరికము తెలుగునకే పరిమితము కాదు. మధుర్ జాఫ్రీ లండనులో నటనాభ్యాసము చేయుచున్న రోజులలో వంట రాక, ఢిల్లీ నుండి తల్లి వ్రాసిన ఉత్తరముల సాయమున నేర్చుకొన్నారు. 1973లో వెలువడిన వారి మొదటి పాకగ్రంథము వెనుక ఆ ఉత్తరములున్నవి. తల్లి ఎదుట నిలిచినది ఏమియు రాని ఒక్క కూతురు. ఆ ఒక్కతెకు అర్థమగునట్లు వ్రాసిన పద్ధతి తరువాత వేలమందికి అక్కరకు వచ్చినది. వేలమందికని మొదలుపెట్టిన రచనకు ఈ స్పష్టత అరుదుగా అబ్బును.

అంతర్జాలపు తొలిదశలో పాకరచన ఈ ఉత్తరపు గుణమును నిలుపుకొన్నది. నంద్యాల ప్రాంతము నుండి అమెరికాకు వెళ్ళిన ఇందిర 2005లో ‘మహానంది’ అను పేర ఇంగ్లీషులో వ్రాయసాగినారు. ఊరి చెంతనున్న పుణ్యక్షేత్రము పేరు పెట్టుటలోనే దూరపు బాధ ఉన్నది. 2006లో ఆమె ‘జిహ్వ’ అను పేర ఒక పద్ధతి నెలకొల్పినారు: నెలకొక వస్తువును ఎంచి, దానిని గూర్చి ఎందరో తమతమ చోటుల నుండి వ్రాయవలెను. ఇతరులను తన పుటకు రప్పించుట మాత్రమే చూచుకొనక, వ్రాయువారు ఒకరినొకరు చదువునట్లు చేసిన ఏర్పాటది. అవధానసభలో పృచ్ఛకులను కూర్చుండబెట్టినట్లు, పాఠకులే రచయితలైన సభ ఏర్పడినది. లోపము ఒక్కటి: ఆ సభలో తెలుగు వంట ఉన్నది, తెలుగు వాక్యము లేదు.

రెండవదశ 2016తో వచ్చినది. ఆ సెప్టెంబరులో జియో వచ్చి ఫోనుకు డేటా చౌకయినది. చదువుట కన్న చూచుట సులభమయినది. ఆ ఏడే ఆంధ్రదేశపు గుడివాడ గ్రామమునకు చెందిన మస్తానమ్మ వంట ‘కంట్రీ ఫుడ్స్’ పేర యూట్యూబులో ప్రత్యక్షమయినది. నూరేండ్లు దాటినదని కుటుంబము చెప్పిన ఆ వృద్ధురాలు ఆరుబయట కట్టెల పొయ్యిపై వండుచు తన పల్లె తెలుగులోనే మాటలాడినది. 2018 డిసెంబరులో ఆమె మరణించునాటికి చందాదారులు 12 లక్షలు దాటినారు. తెలంగాణమునకు చెందిన నారాయణరెడ్డి 2017లో ‘గ్రాండ్‌పా కిచెన్’ ఆరంభించి, పెద్ద పెద్ద పాత్రలలో వండి అనాథబాలలకు పెట్టినారు. 2019 అక్టోబరులో వారు మరణించునాటికి చందాదారులు సుమారు 60 లక్షలు. ఆయన ఇంగ్లీషులో మాటలాడినారు. ఆమె తెలుగులో మాటలాడినది. ఇద్దరిని లోకము చూచినది.

ఈ ఇద్దరి విజయమును ఉపాయముల లెక్కలో వేయరాదు. ఇచ్చట ప్రయాణపు దిక్కు మారినది. మస్తానమ్మ ఊరు కదలలేదు; ఆమెను చూచినవారు ఊరు వదలినవారు. వారిలో పలువురు ఆమె వండినదానిని తామెన్నడు వండబోరు. కట్టెల పొయ్యి, పొలము గట్టు, ముసలి చేయి – వీనిని చూచుటకే వచ్చినారు. నారాయణరెడ్డి వంటలో రుచి కన్న దానము ముందు నిలిచినది. ఈ రెంటిలోను ఉన్నది గాఢమైన దర్శనానందము. అది కావ్యానందమునకు దగ్గరిదే. కాని తోర్వా పడుచు అరిసెల పాకము అచ్చట దొరకదు.

పైపెచ్చు, అచ్చుపుస్తకము చాలకాలము చేయనిదానిని ఈ దృశ్యములు చేసినవి. ముద్రిత పాకగ్రంథములు ఎక్కువగా కొన్ని కులముల, కొన్ని మెట్టుల వంటింటినే తెలుగు వంటగా చూపినవి. పొలములో మాంసము వండు స్త్రీకి వాటిలో చోటు లేదు. మరాఠీలో శాహూ పాటోళే 2015లో దళితుల వంటను గూర్చి వ్రాసిన ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’ 2024లో ఇంగ్లీషులోనికి అనువాదమై దేశమంతట చర్చ కలిగించినది. అచ్చులోనికి రాని వంటిండ్లకు అచ్చు కల్పించుటే ఆ గ్రంథపు బలము. తెలుగులో ఆ పనిని కలము కన్న ముందు కెమెరా ఆరంభించినదని ఒప్పుకొనవలెను. ఆ ఒప్పుకోలు రచయితలకు కొంత సిగ్గును, కొంత పనిని మిగుల్చును.

కాగా, కెమెరా చేయలేని పని ఏది? ఉత్తరాంధ్రపు పనసపొట్టు కూరను చూతము. దానికి ఆవ పెట్టవలెను. ఆవాలు నూరు చేయిని, కూరలో కలుపు చేయిని తెర చూపును. కూర పొయ్యి నుండి దించి, వేడి తగ్గిన తరువాతనే ఆవముద్ద కలుపవలెననియు, పొయ్యి మీదనే కలిపిన ఘాటు పోయి చేదు మిగులుననియు మాట చెప్పవలెను. ‘ఆవ పెట్టుట’ అన్న పలుకుబడియే ఆ రహస్యమును సగము చెప్పును: ఆవను ఉడికింపరు, వేపరు, పెట్టుదురు. అరిసెల విషయమును ఇంతే. నానిన బియ్యమును తడి ఆరకముందే దంచవలెను. పాకము చుక్కను నీటిలో వేసిన అది మెత్తని ఉండ కట్టవలెను. పాకము లేతదైన అరిసె నూనెలో విడిపోవును. ముదిరిన రాయి యగును. తీగపాకము, ఉండపాకము అన్న మాటలు అలంకారములు కావు. ఉష్ణమాపకము లేని ఇంటిలో అవే ఉష్ణమాపకములు. ఆ మాట పోయిననాడు ఆ కొలత పోవును.

జనసంఖ్యకై వ్రాయు పాకరచనలో మొదట పలుచబడునది ఈ పదసంపదయే. తాలింపు, పోపు, తిరగమోత అను మూడు మాటలు మూడు సీమల గుర్తులు. వెదకు యంత్రమునకు తేలికయగునని ఆ మూడింటి స్థానమున ఒక్క ఇంగ్లీషు మాట కూర్చుండుచున్నది. ‘అయిదు నిమిషములలో’ అన్న శీర్షిక నానబెట్టుటకు పట్టు రాత్రిని దాచివేయును. ‘ఒక్కసారి ఇట్లు చేసి చూడుడు’ అన్న వాక్యము ఎవరికి చెప్పినదో తెలియదు. అందుచేత ఎవరికిని అంటదు. ఈ పద్ధతిలో జనము వచ్చుట నిజము. మరునాడు అదే జనము అటువంటి వేరొక పుటకు పోవుటయు నిజము. వారిని నిలుపుటకు అచ్చట ఒక మనిషి గొంతు లేదు.

కొలతల సంగతి ఇంకను సున్నితమైనది. గిద్దె, సోల, తవ్వ, మానిక అని లెక్కించిన ముత్తవ్వ మాటను, 1956 చట్టము తరువాత వచ్చిన కిలోలలో పెరిగిన తల్లి కొలతను, నేటి పడుచు చేతిలోని కప్పును పాకరచయిత ఒకే వాక్యములో కలుపవలెను. ఇది అనువాదకుని పని. మూలభాషయు లక్ష్యభాషయు రెండును ఇంటి తెలుగే అగుటచేత ఇది తేలికయని తోచును. చేసినవారికి దాని కష్టము తెలియును. సోలను గ్రాములలోనికి మార్చిన చాలదు. సోల అన్న మాట ఒకటి ఉండెననియు, నాలుగు గిద్దెలు ఒక సోల యనియు చెప్పిననే పాఠకురాలికి ముత్తవ్వ చెప్పిన వంట తిరిగి దొరకును.

ఈ దృష్టితో చూచిన తోర్వా వంటి చోట పుట్టవలసిన పాకరచన ఎట్టిదో ఊహింపవచ్చును. 2022 మే 1వ తేదీన, శ్రామికదినమున, ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపు మేరకు అధికారులు, ప్రజలు బోరే బాసీ తిని ఆ వంటను గౌరవించినారు. రాత్రి అన్నమును నీటిలో నానవేసి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో తిను ఆ కూడు కూలివాని కూడు. దానికి ప్రభుత్వపు వేదిక దొరికినది. శ్రీకాకుళము నుండి పట్టాలపై పనికి వచ్చిన కుటుంబమునకు తరవాణి కుండ పరాయిది కాదు. ఆ ఇంటి పడుచు తరవాణిని, బాసీని ప్రక్కప్రక్కన పెట్టి, ఏది ఎట్లు పులియునో, ఏ మాట ఏ నోట నుండి వచ్చినదో వ్రాసినచో దానిని చదువువారు ముగ్గురు: తెలుగుదేశములో తరవాణిని మరచినవారు, ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు పొరుగువారిని ఎరుగనివారు, తనవలెనే అక్షరము పోగొట్టుకొని మాట నిలుపుకొన్నవారు. ఇటువంటి పాఠకలోకము సంఖ్యలో చిన్నది కావచ్చును. దానికి ఆమె వినా వేరొకరు దొరకరు గనుక అది ఆమెను విడువదు.

ఆమెకు తెలుగు లిపి రానిచో ఎట్లు? అంతర్జాలము నిజముగ ఉపకరింపగలది ఇచ్చటనే. వ్రాత ప్రక్కన కంఠము నిలుపవచ్చును. వినుచు అక్షరమును గుర్తుపట్టవచ్చును. యూనికోడులో తెలుగు లిపికి 1991లోనే స్థానము దొరికినది. చోటు దొరకలేదన్న సాకు నేడు చెల్లదు. వంటకము పేరును తెలుగు లిపిలో వ్రాసి, దానిని తెలుగు నోట పలికించి, అచ్చటి బజారులో దానినేమందురో చెప్పిన పాకరచన ఒక ఇంటికి వంటతో పాటు ఓనమాలు కూడ ఇయ్యగలదు. భాషకై సభలు పెట్టువారు చేయలేని పనిని గోంగూర పచ్చడి చేయవచ్చును.

తెలుగు రచయితలు దీనిని తమ పని కాదని తప్పించుకొనరాదు. కథకునికి వంటింటి భాష కావలెను. ఆ భాష నశించిన కథలోని ఇల్లు గోడలతో మాత్రమే మిగులును. అనువాదకునికి ఆవ పెట్టిన కూర ఏమిటో తెలియవలెను. విమర్శకుడు పాకరచనను చదివి మంచిచెడ్డలు చెప్పవలెను: వాక్యము స్పష్టముగ ఉన్నదా, కారణము చెప్పినదా, సీమ పేరు నిలిపినదా, అడిగినవారికి జవాబిచ్చినదా. మాలతీ చందూరు అర్ధశతాబ్దము చేసిన పని ఈ నాలుగు ప్రశ్నలకు నిలుచును. నేటి ప్రకటనలలో ఏవి నిలుచునో పరీక్షించువారు లేనందుననే సంఖ్య ఒక్కటే కొలమానమయినది.

పాకరచయిత జనమును సంపాదించు మార్గము పాతదే. ఎవరికి వండుచున్నామో తెలిసి వండవలెను. ఆ ఒక్కరు ఏ ఊర నున్నారు, వారి బజారులో ఏమి దొరకును, వారికి ఏ మాట తెలియదు, ఏ మాట మరపునకు వచ్చినది అని అడుగవలెను. వారు అడిగినప్పుడు జవాబు వ్రాయవలెను. తోర్వాలో ఒక పొయ్యి మీద బెల్లపు పాకము మరుగుచు, నీళ్ళగిన్నెలో పడిన చుక్క ఉండ కట్టినదో లేదో తెలియక ఒక పడుచు నిలిచియున్నది. ఆమెకు ఆ క్షణమున అందిన తెలుగు వాక్యము వ్యర్థము కాదు.